కర్మణి ప్రయోగ మాహాత్మ్యం

ఆంగ్లేయులు మనకు రైలు, తపాలా, శిక్షాస్మృతి ఇచ్చి వెళ్లారని లెక్కలు చెప్పే పెద్దలు, వాటన్నిటికన్నా మన్నికైన వస్తువును ఆ జాబితాలో చేర్చడం మరిచిపోతుంటారు. అది ప్యాసివ్ వాయిస్, అంటే మన వ్యాకరణాల్లోని కర్మణి ప్రయోగం. రైళ్లు వాటి వేళకు అవి వస్తున్నాయి, తపాలా పెట్టెలు తుప్పుపడుతున్నాయి, శిక్షాస్మృతికి 2024 జులై 1 నుంచి పేరే మారిపోయింది. ప్యాసివ్ వాయిస్ మాత్రం ప్రభుత్వాలు ఎన్ని మారినా ఒక్క అక్షరం అరగకుండా కార్యాలయాల్లో కొలువై ఉంది. ఇంతటి సేవకు తగిన గుర్తింపు నేటికీ దక్కలేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తున్నది.

'రామా కిల్డ్ రావణా' అనే వాక్యాన్ని 'రావణా వాజ్ కిల్డ్ బై రామా' అని తిప్పి రాయకుండా బడి దాటిన తెలుగు విద్యార్థి అరుదు. యుద్ధం అదే, బాణం అదే, చచ్చినవాడూ ఆ రావణుడే. అయినా కర్మ వచ్చి ముందు వరుసలో కూర్చుంటుంది, కర్త 'బై' అనే ఊతకర్ర పట్టుకుని వాక్యం చివర నిలబడతాడు. అసలు మహిమ ఆ తర్వాతి పాఠంలో ఉంది. కర్త ఎవరో తెలియనప్పుడు గానీ, అందరికీ తెలిసిందే అయినప్పుడు గానీ, చెప్పనక్కర లేనప్పుడు గానీ, ఆ కర్రను దాన్ని పట్టుకున్న మనిషితో సహా తీసివేయవచ్చునని, తీసివేసినా వాక్యానికి ఏ లోటూ రాదని పంతుళ్లు బోధిస్తారు. దొంగను పట్టుకునేది పోలీసులే కనుక 'ద థీఫ్ వాజ్ అరెస్టెడ్' అంటే సరిపోతుంది. కర్త ఎవరో బాగా తెలిసి, పైగా ఆ కర్తే స్వయంగా వాక్యం రాస్తున్నప్పుడు ఏం చేయాలన్నది మాత్రం పాఠ్యపుస్తకంలో ఉండదు. అది ఉద్యోగంలో చేరాక అబ్బే విద్య.

ఈ విద్యలో అమెరికా అధ్యక్షులది అందె వేసిన చేయి. 1876 డిసెంబరులో, పదవి దిగే రోజులు దగ్గరపడ్డాక, యులిసెస్ గ్రాంట్ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో 'మిస్టేక్స్ హావ్ బీన్ మేడ్' అని చక్కగా మొదలుపెట్టారు గానీ, పాతకాలపు మనిషి కావడం వల్ల, అదే వాక్యంలో ఆ సంగతి తాను ఒప్పుకుంటున్నానని కూడా చేర్చి ప్రయోగాన్ని పాడుచేసుకున్నారు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారం బయటపడ్డాక, 1987 జనవరిలో రొనాల్డ్ రీగన్ అటువంటి తొందరపాటుకు లోనుకాకుండా 'సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్' దగ్గర నిగ్రహించుకున్నారు. 1997లో ఎన్నికల విరాళాల గొడవ వచ్చినప్పుడు బిల్ క్లింటన్ ఇంకొంచెం ధైర్యం చేసి 'బై' కూడా వాడారు, అయితే ఆ 'బై' పక్కన నిలబెట్టినది 'పీపుల్'ను, అంటే ఎవరో కొందరు మనుషులను. పార్టీలు వేరైనా వ్యాకరణం దగ్గర వారికి భేదాలు లేవు. ఈ ప్రయోగానికి విలియం ష్నైడర్ అనే రాజకీయ విశ్లేషకుడు 'పాస్ట్ ఎక్సోనరేటివ్' అని, అనగా చేసినవాణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టే భూతకాలమని, నామకరణం చేశాడు.

మన భాషకు ఈ సౌకర్యం బొత్తిగా లేదని చిన్నబుచ్చుకోనక్కర లేదు. 'బడు' అనే ధాతువు మన వ్యాకరణాల్లో ఎప్పటినుంచో ఉంది, కాకపోతే ఇంట్లో వాడుక లేక మూలన పడి ఉండేది. 'పులుసు నాచేత కాచబడినది' అని ఏ ఇల్లాలూ ఇంతవరకు అనలేదు. ఇంగ్లీషు సావాసంతో ఆ ధాతువుకు గిరాకీ పెరిగి, మొదట బోర్డులెక్కింది. 'ఇళ్ల స్థలములు అమ్మబడును', 'సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును' అన్నప్పుడు అది పాపం ఎవరికీ హాని చేయదు, ఎందుకంటే అమ్మేవాడు ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బట్టల కొట్టు బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు' అని అచ్చువేయడంతో దానికి ఉద్యోగం ఖాయమైంది. ఎదురుగా ఉన్న యజమాని తన నోటితో 'నేను తీసుకోను' అనే ఇబ్బంది పడకుండా, ఆ కటువైన పనిని క్రియాపదమే చేసిపెడుతుంది.

బ్యాంకులు పంపే సందేశాలు చూడండి. సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పేటప్పుడు 'మేము' అనే సర్వనామం నిండుగా నవ్వుతూ కనిపిస్తుంది, అడగని అప్పును అంటగట్టేటప్పుడూ కనిపిస్తుంది. కనీస నిల్వ లేదని రుసుము కోసిన నాడు మాత్రం ఆ 'మేము' చెప్పాపెట్టకుండా సెలవు పెడుతుంది, మీ ఖాతా నుంచి సొమ్ము 'మినహాయించబడినది' అన్న ఒంటరి వార్త చేరుతుంది. రైల్వేవారి సంగతి వేరు. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యం ఇంగ్లీషు ప్రకటనలో 'రిగ్రెటెడ్' మాత్రమే అవుతుంది, ఎవరు విచారిస్తున్నారో తెలియదు. తెలుగు ప్రకటనలో 'చింతిస్తున్నాము' అనడానికి ఎవరో ఒకరు మిగిలారు. ఆలస్యం రెండు భాషల వారికీ సమానమే అయినా, ఈ లోపాన్ని ఇంకా ఎవరూ సరిదిద్దకపోవడం ఆశ్చర్యం.

ఇక 'మీ దరఖాస్తు పరిశీలించబడుతున్నది' అనే వాక్యం ఈ కళకు పరాకాష్ఠ. కర్తను తీసివేయడం మామూలు గుమాస్తా కూడా చేయగలడు, కానీ దానికి వర్తమాన కాలాన్ని జోడించి పనికి అంతం కూడా లేకుండా చేయడానికి పరిపాలనా దక్షత కావాలి. ఈ ప్రశాంతతకు 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం తీరని అపచారం చేసింది. ఆ దరఖాస్తు ఏ అధికారి బల్ల మీద ఆగిందో సామాన్యుడు అడగవచ్చునట. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలట. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడుతుందట, అదీ కార్యాలయానికి కాదు, సమాచార అధికారికి. ప్యాసివ్‌ను యాక్టివ్‌లోకి మార్చమనే ప్రశ్నకు ఇంతటి శిక్ష ఏ పరీక్షలోనూ లేదు.

'బై'ని ఎన్నడూ తీసివేయని చోటు కూడా ఒకటి ఉంది. అది శిలాఫలకం. 'గౌరవనీయులైన ఫలానా వారి అమృత హస్తములచే శంకుస్థాపన చేయబడినది' అని నల్లరాతి మీద బంగారు రంగుతో చెక్కిస్తారు. వంతెన ఏ నదికి కట్టారో చిన్న అక్షరాల్లో ఉంటే ఉండవచ్చు, 'చే' విభక్తి ముందున్న పేరు మాత్రం అవతలి గట్టుకు కూడా కనిపించాలి. అధ్యక్షతన ఒకరు, ముఖ్య అతిథిగా ఒకరు, విశిష్ట అతిథులుగా నలుగురు, రాతిలో చోటు మిగిలితే స్థానిక ప్రతినిధులు. కర్తల సంఖ్యలో ప్రపంచంలోని ఏ వాక్యమూ దీనికి సాటిరాదు.

ఆ వంతెనకే తర్వాత ఏమైనా అయితే, అప్పుడు ప్యాసివ్ వాయిస్ కూడా మనకు చాలదు. అందులో ఒక చిక్కు ఉంది. 'నిర్లక్ష్యం చేయబడినది' అని రాస్తే, ఎవరిచేత అని అడగడానికి ఓ ఖాళీ మిగిలిపోతుంది, అడిగేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటారు. రీగన్ గారికి దొరకని మార్గం మనకు పుట్టుకతోనే దొరికింది. గ్లాసు చేతిలోంచి జారవిడిచిన మూడేళ్ల పిల్లవాడు 'పగిలిపోయింది' అంటాడు, వాడికి ఏ బడీ నేర్పలేదు. అదే నిష్కల్మషత్వంతో విచారణ నివేదికలు 'లోపం జరిగింది' అంటాయి, వంతెన 'కుంగింది' అంటాయి. కుంగడం అకర్మక క్రియ, అంటే కర్మతో పనిలేని క్రియ. అకర్మక క్రియలకు ప్యాసివ్ వాయిస్ ఉండదని బడిలోనే స్పష్టంగా చెప్పారు కాబట్టి, ఎవరిచేత కుంగిందని ఇంకా అడుగుతున్నవారు ఆ పాఠం చెప్పిన రోజు బడికి వచ్చి ఉండరు.