తాతయ్య రేడియోగ్రామ్

మేనల్లుడు: మావయ్యా, రేడియో, రికార్డ్ ప్లేయర్ రెండూ ఉన్న తాతయ్య రేడియోగ్రామ్ చెక్కపెట్టె అలాగే ఉంచి లోపలి ఆంప్లిఫయర్ మార్చేస్తాను. కాగితం కండెన్సర్లు పీకేసి కొత్తవి వేస్తాను. పెద్ద అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, కొత్త స్పీకర్, ఫోన్ కలుపుకోవడానికి ఒక సాకెట్టు.

మావయ్య: ఇక నాన్నది మిగిలేది పెట్టె ఒక్కటే. ఏది పాడైందో అదే మార్చరా, చాలు.

మేనల్లుడు: పాడయ్యేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పాత కాగితం కండెన్సర్ తేమ పీల్చి లీకవుతుంది. ముందు వాల్వు, అంటే గాజు ట్యూబు, ప్లేటు మీదున్న డీసీ, స్పీకర్‌ని నడిపే ఈఎల్84 వాల్వు గ్రిడ్‌కి, అంటే దాని కరెంటును అదుపు చేసే తీగకి, చేరుతుంది. అది మోయలేనంత కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రగా కాలుతుంది. మీరు కాపాడమంటున్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాంతోపాటే పోవచ్చు.

మావయ్య: కండెన్సర్ల సంగతి ఒప్పుకుంటాను. స్పీకర్ మాత్రం ముట్టుకోకు. ఒక్క ఈఎల్84 ఇచ్చేది మహా అయితే 5 వాట్లు. ఈ పాత స్పీకర్ కోను పల్చటి కాగితం, ఆ కాస్త పవర్‌కే గది నిండిపోతుంది. నువ్వు కొనబోయేదానికి సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకి ఇచ్చే సౌండ్, 10 డెసిబెల్స్ తక్కువ అనుకో, అంతే సౌండ్‌కి పది రెట్ల పవర్ కావాలి. 50 వాట్లు ఎక్కణ్ణుంచి తెస్తావు?

మేనల్లుడు: సరే, స్పీకర్ ఉంచుతాను. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మార్చాల్సిందే. సింగిల్ ఎండెడ్ కదా, అంటే చివర ఒక్కటే వాల్వు, వైండింగ్‌లో 48 మిల్లీ ఆంపియర్ల దాకా డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోయి శాచురేట్ కాకుండా కోర్‌లో గ్యాప్ ఇవ్వాలి. గ్యాప్ ఇస్తే ఇండక్టెన్స్ పడిపోతుంది, దాంతో బాస్ తగ్గుతుంది, కాబట్టి పెద్ద కోర్ కావాలి. ఇందులో ఉన్నది చాలా చిన్నది. మృదంగం ఎడమవైపు దెబ్బ సగం వినపడట్లేదు.

మావయ్య: నాకైతే ఘంటసాల గొంతు ఎదుట కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ఆ 78 ఆర్‌పీఎం రికార్డుల్లో అసలు బాస్ ఎంతని? కింద బాస్ తగ్గిన చోట పైన ట్రెబుల్ కూడా తగ్గితే చెవికి వెలితి తెలియదు. పాతవాళ్లు ఆ రెండూ తూచి పెట్టారు. నువ్వు కిందది ఒక్కటే పెంచితే ఆ గొంతు మందంగా, మూసుకుపోయినట్టు వస్తుంది.

మేనల్లుడు: నేను వినేవి 78లే కాదు మావయ్యా. ఎనభైల నాటి ఇళయరాజా ఎల్‌పీలు కూడా ఉన్నాయి. బాస్ గిటార్ వినపడకపోతే ఆ పాటల్లో నాకు సగం పోయినట్టే. కావాలంటే రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ మార్చి మార్చి పెట్టి, ఘంటసాలనే వినిపిస్తాను. మీరే చెప్పండి.

మావయ్య: వినిపించు. అయితే కొత్తది పాత స్క్రూల రంధ్రాలకే బిగించు, చాసిస్ రేకుకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడకూడదు. ఫోన్ సాకెట్టు అన్నావు, దీంట్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కాబట్టి సరిపోయింది. అది లేని యూ సిరీస్ వాల్వుల సెట్టయితే చాసిస్ నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది, ఫోన్ పెట్టిన మనిషి ప్రాణం మీదకి వస్తుంది. ఇంకో మాట. స్విచ్ ఆపేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లో 250 వోల్టులు నిలిచే ఉంటాయి. రెసిస్టర్ పెట్టి దించి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టు. నేను వచ్చేదాకా ఆగు, పక్కన కూర్చుంటాను.