పెద్దాయన కలవరిస్తే "వయసు" అని ఊరుకోమంటున్న మెసేజ్‌కు జవాబు

కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇదీ: ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్ళు తికమకగా మాట్లాడటం వయసు ప్రభావమే, నర్సులు వచ్చి "ఇది ఏ సంవత్సరం?", "నెలలు వెనక్కి చెప్పండి" అని అడగడం బిల్లు పెంచే తంతు, గొడవ చేస్తే మత్తు ఇంజెక్షన్ వేయించండి, తెల్లారేసరికి సర్దుకుంటుంది.

ముందు వయసు సంగతి. అది రాత్రికి రాత్రి మీద పడదు. మొన్నటిదాకా పెన్షన్ లెక్క పైసలతో సహా చెప్పిన మనిషి ఇవాళ సెలైన్ సూది పీకేసి "బస్సొచ్చింది, సంచి ఇటివ్వు" అంటున్నాడంటే ఒంట్లో ఏదో జరుగుతోంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, నెలలు, ఏళ్ళ తరబడి ముదురుతుంది. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మొదలై, కాసేపు తగ్గి, మళ్ళీ పెరిగేది డెలీరియం. మన పెద్దలు సంధి ప్రేలాపన అన్నది చాలావరకు దీన్నే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం పడిపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, మూత్రం బిగిసిపోవడం, మలబద్ధకం, తుంటి ఆపరేషన్ నొప్పి, కొత్తగా మొదలైన మాత్ర... వీటిలో రెండు మూడు కలిసి కూడా తెచ్చిపెడతాయి.

"గొడవ చేస్తే" అన్న మాట మరీ ప్రమాదం. చాలామంది అసలు గొడవే చేయరు. పిలిస్తే ఒక్కసారి కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటారు, నోట్లో పెట్టిన ఇడ్లీ ముక్క నమలకుండా అలాగే ఉంచుకుంటారు. పక్కనున్నవాళ్ళు "పాపం, అమ్మ ఇవాళ హాయిగా పడుకుంది" అనుకుంటారు. అందరి కళ్ళూ కప్పేది ఈ నిశ్శబ్ద డెలీరియమే.

ఇక ఆ "తంతు". స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో వృద్ధుల వైద్య నిపుణుడు అలస్డెర్ మెక్‌లలిచ్ బృందం తయారుచేసిన 4ఏటీ అనే పరీక్షకు యంత్రం అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు, వాడుకున్నందుకు రుసుమూ లేదు. రెండు నిమిషాల పని. మెలకువ ఎలా ఉందో చూస్తారు. వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, సంవత్సరం అడుగుతారు. డిసెంబర్ నుంచి నెలలు వెనక్కి చెప్పమంటారు. ఈమధ్య హఠాత్తుగా మార్పు వచ్చిందా అని తేల్చుకుంటారు. తప్పులకూ తేడాలకూ మార్కులు వేస్తారు, 4 గానీ ఆపైన గానీ వస్తే డెలీరియం అనుమానం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2023లో ఈ పరీక్షను వాడమంది.

మెసేజ్ రాసినవాళ్ళు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. "రజాకార్ల గొడవప్పుడు పుట్టిన" అని చెప్పే అవ్వకు పుట్టిన తేదీ ఎలా తెలుస్తుంది? బడికే వెళ్ళని మనిషి డిసెంబర్ నుంచి వెనక్కి ఏం చెబుతుంది? ఈ రెండు భాగాల్లోనే గరిష్ఠంగా 4 మార్కులు పడొచ్చు, డెలీరియం లేకుండానే. అందుకే మార్కులు వచ్చాక డాక్టరు మళ్ళీ చూడాలి, ఇంటివాళ్ళు నోరు విప్పాలి. "మా అమ్మకు తేదీలు ఎప్పుడూ తెలియవు, కానీ నిన్నటిదాకా మనవళ్ళ పేర్లన్నీ చెప్పింది" అన్న మాట చాలా విలువైంది. హఠాత్తు మార్పు అన్న ఒక్క అంశానికే 4 మార్కులున్నాయి.

మత్తు ఇంజెక్షన్ సంగతి. లోరాజెపామ్ లాంటివి డెలీరియాన్ని ముదర్చగలవు. 2018లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో ఐసీయూ రోగులకు ఇలాంటప్పుడు వాడే హాలోపెరిడాల్ అనే మందు ఇచ్చినా, ఉత్తుత్తి మందు ఇచ్చినా డెలీరియం ఉన్న రోజుల్లో తేడా రాలేదు. తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేంతగా పెనుగులాడుతుంటే డాక్టరు కొద్ది మోతాదులో ఇవ్వొచ్చు, కానీ కారణం వెతకడం ఆగకూడదు.

రాకుండా చూసుకునే దారి ఉంది. 1999లో డాక్టర్ షారన్ ఇనౌయే బృందం అమెరికాలోని యేల్‌లో 70 ఏళ్ళు దాటిన 852 మందిపై ప్రచురించిన అధ్యయనంలో మామూలు వైద్యం అందినవాళ్ళలో 15 శాతానికి డెలీరియం వస్తే, అదనపు శ్రద్ధ అందినవాళ్ళలో 9.9 శాతానికే వచ్చింది. ఆ శ్రద్ధ ఏమిటంటే నీళ్ళు తాగించడం, నడిపించడం, మాటల్లో పెట్టడం, నిద్రమాత్ర లేకుండా నిద్రపుచ్చడం, కళ్ళజోడు, చెవి మిషను అందుబాటులో ఉంచడం. మనవాళ్ళేమో "పోతాయి" అని కళ్ళజోడూ చెవి మిషనూ మొదటి రోజే ఇంటికి పంపేస్తారు!

"తెల్లారేసరికి సర్దుకుంటుంది" అన్నది సగం నిజం, అందుకే మోసం. డాక్టరు రౌండ్స్‌కు వచ్చే వేళకు మనిషి తేటగా కనిపించి, చీకటి పడ్డాక మళ్ళీ మొదలవ్వొచ్చు. కొందరికి పూర్తిగా తగ్గడానికి వారాలు పడుతుంది. రాత్రి పక్కనున్నవాళ్ళు చూసింది పొద్దున డాక్టరుకు చెప్పండి. పెద్దాయనకు రోజూ మద్యం తాగే అలవాటుంటే పరువుకు పోకుండా అదీ చెప్పండి. హఠాత్తుగా తాగుడు మానడం వల్ల వచ్చే డెలీరియానికి వైద్యం వేరు, అక్కడ మాత్రం లోరాజెపామ్ లాంటివే వాడతారు.