నిఘంటువు తప్పొప్పుల తీర్పరి కాదు

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును తిడుతూ ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశం ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. ఈసారి పంపినవారు నాకు ఇంగ్లీషు నేర్పిన మాస్టారు కావడంతో ఊరుకోలేకపోతున్నాను. అందులోని సారాంశం ఇది: ‘ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వీధి మాటలకు అనుమతి ఇచ్చి ఇంగ్లీషును చంపేసింది. ఓఎంజీ, సెల్ఫీ వంటివి ఫోన్లు పుట్టించిన చెత్త. ప్రీపోన్ మనవాళ్ళు చేసిన తప్పు. చదువులేనివాళ్ళ మాటలను గ్రంథానికి ఎక్కించకూడదు. ఇంటర్నెట్‌లో ఎవరు పడితే వాళ్ళు అర్థాలు రాస్తున్నారు. పది మందికి పంపండి.’

పంపే ముందు ఒక్కరైనా ఆ నిఘంటువు తెరిచి చూశారా?

ఓఎంజీ 1917 నాటి ఉత్తరంలో ఉంది. బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ జాన్ ఫిషర్ విన్‌స్టన్ చర్చిల్‌కు రాస్తూ ఆ మూడక్షరాలు వాడి, పక్కనే ‘ఓ మై గాడ్’ అని విడమరిచారు. అప్పటికి ఆయన వయసు 76. ఆయనను ఏ ఫోను పాడుచేసింది? సెల్ఫీ 2002లో ఆస్ట్రేలియాలో ఒకరు ఇంటర్నెట్ చర్చలో రాసిన మాట. ఫోన్లకు ముందువైపు కెమెరా మామూలు విషయం కావడానికి చాలా ముందే పుట్టింది.

ప్రీపోన్, అనుకున్న తేదీ కంటే ముందే జరిగేలా మార్చడం అన్న ఇప్పటి అర్థంలోనే, 1913లో న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చయిన ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. మన దేశంలో అది స్థిరపడిందంటే అవసరం ఉండబట్టే. పరీక్ష ‘ముందుకు జరిగింది’ అంటే తేదీ దగ్గరపడిందో దూరమైందో మళ్ళీ అడగవలసి వస్తుంది. ప్రీపోన్ అంటే ఆ సందేహం రాదు.

అనుమతి అన్న మాటే తప్పు. నిఘంటువు మాటను నమోదు చేస్తుంది, పక్కన ‘స్లాంగ్’ (వీధి మాట) అని గుర్తూ పెడుతుంది. ఉద్యోగ దరఖాస్తులో వాడమని ఎవరికీ చెప్పదు.

నన్ను నిజంగా బాధపెట్టింది ‘చదువులేనివాళ్ళ మాటలు’ అన్న వాక్యం. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో సైనికుల, నావికుల, లండన్ వీధుల్లో బతికేవాళ్ళ మాటలను నిఘంటువుగా అచ్చువేశారు. ఆ పని జరగకపోతే గొప్ప రచయితల ఇంగ్లీషు మాత్రమే మిగిలేది, ఆ మనుషుల గొంతు మట్టిలో కలిసిపోయేది. మన కాలంలో బ్రిటిష్ నిఘంటుకారుడు జోనథన్ గ్రీన్ దశాబ్దాలు శ్రమించి 2010లో మూడు సంపుటాల స్లాంగ్ నిఘంటువు తెచ్చారు. ప్రతి మాటకూ ఏ ఏడు, ఎవరు, ఎక్కడ వాడారో చూపించారు.

అది ఎందుకు అవసరమో ‘వోక్’ అన్న మాట చెబుతుంది. 1962లో నల్లజాతి రచయిత విలియం మెల్విన్ కెల్లీ తమవాళ్ళ వాడుక భాష గురించి న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంలో ఆ మాట ఉంది. మెలకువగా, ఎరుకతో ఉండడం అని అర్థం. ఇవాళ రాజకీయ నాయకులు దాన్ని తిట్టుగా వాడుతున్నారు. పాత దాఖలా లేకపోతే అది ఎవరి సొత్తో, ఎలా చేతులు మారిందో రుజువు చేయడం ఎలా? నల్లవాళ్ళు తరతరాలుగా మాట్లాడిన మాటలకు ‘ఈ కాలపు పిల్లల భాష’ అని పేరు పెట్టేవాళ్ళకు ఏమని జవాబు చెబుతాం?

అదే 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు రైతుల వ్యవసాయ పదాలను మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా వెలువరించారు. జిల్లా జిల్లాలో రైతుల నోట విని సేకరించిన మాటలవి. ఆ తర్వాత చేనేత పదాలు వచ్చాయి. అక్షరం రాని రైతు నాగలి భాగాలకు పెట్టుకున్న పేర్లు కూడా చెత్తేనా మాస్టారూ? మగ్గం ముందు జీవితం గడిపినవారి మాట పుస్తకానికి పనికిరాదా?

ఇక చివరి అంశం, ఇంటర్నెట్‌లో ఎవరు పడితే వాళ్ళు అర్థాలు రాయడం. అది నిజం, పూర్తిగా ఒప్పుకుంటున్నాను. 1999లో మొదలైన అర్బన్ డిక్షనరీ అనే వెబ్‌సైటులో ఎవరైనా ఏ అర్థమైనా రాయవచ్చు, పాఠకుల ఓట్లు పడినది పైకి వస్తుంది. అక్కడ బూతులూ, కల్పించిన అర్థాలూ చాలా ఉన్నాయి. దాన్ని నమ్మి నేనూ ఒక విద్యార్థికి తప్పు అర్థం చెప్పాను. మరునాడు తరగతిలో అందరి ముందూ దిద్దుకోవలసి వచ్చింది. ఆ రోజు నుంచి తేదీ, ఆధారం లేని అర్థాన్ని పిల్లలకు చెప్పడం మానేశాను.

మాస్టారూ, మొదటి నాలుగూ తీసేసి ఆ ఒక్క అంశమే పంపండి. నేనూ పది మందికి పంపుతాను.