దఖలుకు తొందర, వీలునామాకు వాయిదా

గోదావరి డెల్టాలో పెద్దల ఆస్తి పిల్లల చేతికి వెళ్లే తీరు ఆందోళన కలిగిస్తోంది. వీలునామా మాట ఎత్తితే అపశకునమని ఏళ్ల తరబడి దాటవేసే కుటుంబాలే, కొడుకు అప్పుల ఒత్తిడి వల్లనో, రేపు అన్నదమ్ముల మధ్య మాట వస్తుందన్న భయంతోనో, ఒక్క పూటలో సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి ఉన్న పొలాన్నీ, ఇంటినీ, బతికుండగానే హక్కు బదిలీ చేసే దఖలు దస్తావేజు కింద రాసి ఇచ్చేస్తున్నాయి. వీలునామాను బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. దఖలు రిజిస్టరై, ఆస్తి పుచ్చుకున్నవారు అంగీకరించాక, ఇచ్చినవారు మనసు మార్చుకున్నంత మాత్రాన అది చెల్లకుండా పోదు. భయపడనక్కరలేని కాగితానికి భయపడి, జాగ్రత్త పడవలసిన కాగితం మీద తొందరపడి సంతకం చేసే ఈ అలవాటును మానుకోవాలని మా విన్నపం.

రాసి ఇచ్చాక ఆదరణ కరవైన తల్లిదండ్రులకు 2007 నాటి వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కొంత అండగా ఉంది. బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, ఆ షరతు నెరవేరకపోతే, సెక్షన్‌ 23 కింద ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అయితే అటువంటి షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని పేర్కొన్నా, దస్తావేజులో ఆ మాట లేకుండా పోరాడటం డెబ్బై ఎనభై ఏళ్ల మనిషికి తేలిక కాదు. బతికుండగానే ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, జీవితాంతం అనుభవించే హక్కును తమకే ఉంచుకుని, పోషణ షరతును స్పష్టంగా రాయించుకోవాలి. అటువంటి అవసరం లేనప్పుడు వీలునామాయే మంచి దారి.

వీలునామాకు పెద్ద ఖర్చు లేదు. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్‌ సైతం తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం కోరేదల్లా రాసే వ్యక్తి సంతకమో వేలిముద్రో, దాన్ని చూసి సంతకం చేసిన కనీసం ఇద్దరు సాక్షులు. తగాదా వచ్చి కోర్టుకెక్కితే, బతికి ఉండి అందుబాటులో ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి. అందుకే తమకంటే వయసులో చిన్నవారిని, ఊళ్లో స్థిరంగా ఉండేవారిని, ఆస్తి దక్కనివారిని సాక్షులుగా పెట్టుకోవడం మంచిది. ఆస్తి పొందే కొడుకే దగ్గరుండి రాయించి, అతని బావమరిదే సాక్షిగా నిలిచిన వీలునామాను కోర్టులు సహజంగానే అనుమానంతో చూస్తాయి. రిజిస్టరు చేయిస్తే ఆ అనుమానాలు చాలావరకు తగ్గుతాయి కాబట్టి చేయించమనే మేమూ చెబుతాము. మంచం దిగలేని వారి ఇంటికి సబ్‌ రిజిస్ట్రారే వెళ్లి నమోదు చేయడానికి రిజిస్ట్రేషన్‌ చట్టంలో వీలుంది. రిజిస్టరైన వీలునామాను ఇక మార్చలేమన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉన్నా అది నిజం కాదు. చట్టప్రకారం రాసిన చివరి వీలునామాయే చెల్లుతుంది. మన జిల్లాల్లో హిందువుల, క్రైస్తవుల వీలునామాలకు కోర్టు నుంచి ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనన్న ధ్రువీకరణ, తెచ్చుకోవాలన్న నిర్బంధం లేదు. ఎవరైనా కాదంటే మాత్రం రుజువు చేసుకోక తప్పదు.

డెల్టా భూముల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. బీరువా అడుగున ఉన్న తాతల నాటి దస్తావేజు తెరిస్తే, తూర్పున పంట బోదె, పడమర ఫలానా వారి కొబ్బరి తోట, దక్షిణాన పుంత అని హద్దులు కనిపిస్తాయి. ఆ బోదె పూడిపోయి ఉంటుంది, ఆ తోట మూడు చేతులు మారి ఉంటుంది, నాలుగు చేలు కలిపి చేపల చెరువుగా తవ్వినచోట పాత గట్లు ఆనవాలుకైనా మిగలవు. లంక భూములనైతే నదే కోసుకుపోతుంది. ఆ సంగతులన్నీ తెలిసిన పెద్దాయన కన్నుమూశాక, హైదరాబాదులోనో, అమెరికాలోనో, కువైట్‌లోనో ఉన్న పిల్లలకు తమ వాటా ఎక్కడుందో చూపించే మనిషే ఉండడు. వీలునామాలో సర్వే నంబరు, విస్తీర్ణం, నేటి హద్దులు, ఆస్తి ఎలా సంక్రమించిందో రాసి ఉంటే సగం తగాదాలు మొదలే కావు. వారసులు తేల్చుకోని భూమి వల్ల నష్టపోయేది వారొక్కరే కాదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు హక్కుల కార్డు రావాలంటే యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. యజమాని చనిపోయి, వారసులు తగువులో ఉంటే ఆ సంతకం పెట్టే నాథుడే ఉండడు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు వాటా ఇస్తూ 1985–86లోనే మన రాష్ట్రం చట్టం తెచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కుమార్తెకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు దక్కింది, దాన్ని సుప్రీంకోర్టు 2020లో మరింత స్పష్టం చేసింది. స్వార్జితాన్ని ఎవరికైనా రాసుకునే స్వేచ్ఛ తండ్రికి ఉంది, ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే రాయగలడు. అయినా ‘పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా’ అంటూ కూతురి పేరే లేకుండా వీలునామా రాయించడం నేటికీ ఆనవాయితీగా సాగుతోంది. ఇది అన్యాయమని మా నిశ్చితాభిప్రాయం. పెళ్లినాడు నోటిమాటగా ఇచ్చిన పొలానికి దస్తావేజు లేక, ఆ పొలమూ దక్కని ఆడపడుచులు ఎందరో ఉన్నారు. ఆడవారూ తమ ఆస్తికి వీలునామా రాసుకోవాలి. పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా మరణిస్తే, ఆమె సొంత సంపాదన భర్తకు, ఆయన లేకపోతే ఆయన వారసులకు వెళుతుంది తప్ప ఆమెను పెంచిన తల్లిదండ్రులకు ముందుగా రాదు. ఉద్యోగాలు చేస్తున్న మన ఆడపిల్లల్లో ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ.

బ్యాంకు ఖాతాకో, బీమా పాలసీకో నామినీని పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటం పొరపాటు. నామినీ ఆ సొమ్మును వారసుల తరఫున అందుకునే వ్యక్తి మాత్రమేనని 1984లో బీమా విషయంలో, 2023లో షేర్ల విషయంలో సుప్రీంకోర్టు తేల్చింది. బీమా చట్టానికి 2015లో జరిగిన సవరణ మాత్రం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ముకు వారే హక్కుదారులని చెబుతోంది.

మానసిక వైకల్యంతో పుట్టిన బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు వీలునామా ఒక్కటే చాలదు. ఆ బిడ్డ పేరున ఆస్తి రాసినా దాన్ని చూసుకునేదెవరు? 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ప్రైవేటు ట్రస్టు పెట్టి, ఒకరికి ఇద్దరు ధర్మకర్తలను నియమించి, తోట మీద వచ్చే రాబడిని ఏ అవసరాలకు వాడాలో రాసిపెట్టవచ్చు. 1999 నాటి నేషనల్‌ ట్రస్టు చట్టం ప్రకారం జిల్లా స్థాయి కమిటీ అటువంటి వారికి సంరక్షకుణ్ని నియమిస్తుంది. మన ప్రాంతంలో ఈ ఏర్పాట్ల గురించి చెప్పేవారు కానరారు. ప్రత్యేక అవసరాల పిల్లల పాఠశాలలు, న్యాయ సేవాధికార సంస్థలు ఈ పని భుజాన వేసుకోవాలి.

ప్రభుత్వం చేయవలసిందీ ఉంది. సబ్‌ రిజిస్ట్రారు ఇంటికి వచ్చి నమోదు చేసే వీలుందని, అందుకు రుసుము ఎంతో, ఎవరికి దరఖాస్తు చేయాలో ప్రతి గ్రామ సచివాలయంలో తెలుగులో బోర్డు పెట్టాలి. దఖలు దస్తావేజు రాసే వృద్ధులకు పోషణ షరతు, అనుభవ హక్కు గురించి రిజిస్ట్రేషన్‌కు ముందే, పిల్లలు పక్కన లేనప్పుడు, చదివి వినిపించే నిబంధన రావాలి. మరణ ధ్రువపత్రం కోసం వచ్చిన కుటుంబం నుంచే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు మార్పుకు దరఖాస్తులు అదే రోజు తీసుకుని రసీదు ఇవ్వాలి. చనిపోయినవారు వీలునామా రాశారా అన్న ప్రశ్న ఆ దరఖాస్తులోనే ఉండాలి.