నీలిమందులో ముంచిన మధుపర్కాలు

తెనాలిలోని మా ఫొటో స్టూడియోలో పదేళ్లపాటు సేవ చేసిన పాత మానిటరుకు ఒక విచిత్రమైన గుణం ఉండేది. దాని ఎదుట నిటారుగా కూర్చుంటే పెళ్లికొడుకు చామనఛాయలోను, కాస్త కిందికి జారి కూర్చుంటే కాకినలుపులోను, టీ గ్లాసు అందుకోవడానికి లేచి నిలబడితే సున్నపు తెలుపులోను కనిపించేవాడు. అది టీఎన్ రకపు తెర అని, అటువంటి తెరల్లో మన కన్ను పైకీ కిందికీ జరిగితే రంగూ వెలుగూ కూడా మారిపోతాయని తరువాత తెలుసుకున్నాను గాని, అంతవరకు కుర్చీలో వేసుకునే దిండు మందాన్ని బట్టే ఊళ్లోని పెళ్లికొడుకుల ఛాయ నిర్ణయిస్తూ వచ్చాను. దిండు మార్చిన సంవత్సరంలో ఆల్బమ్‌లు చేయించుకున్నవారు నన్ను క్షమించాలి.

ఇంతలో మా అక్కయ్య కూతురికి పెళ్లి కుదిరింది. సొంత మేనకోడలి ఆల్బమ్‌ను దిండు మీద ఆధారపడి చేయడం మర్యాద కాదనిపించి కొత్త మానిటరు కొనడానికి నిశ్చయించుకున్నాను. అబ్బాయిని ఎంచడానికి మా బావగారికి మూడు వారాలు పట్టింది. మానిటరును ఎంచడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆయన ఉద్యోగమేమిటి, గోత్రమేమిటి అని రెండు ప్రశ్నలు అడిగి ఊరుకున్నారు. నేను మాత్రం ప్యానెల్ ఏ రకం, ఒక్కొక్క రంగుకు ఎన్ని బిట్లు, అంగుళానికి ఎన్ని చుక్కలు, రంగుల్లో తప్పును కొలిచే డెల్టా ఈ ఎంత అని రాత్రింబవళ్లు చదివి, చివరకు భోజనాల దగ్గర పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే 'సగటున రెండు లోపే ఉంది' అని జవాబు చెప్పే స్థితికి వచ్చాను.

ఆ నాలుగు నెలల్లో రెండు నెలలను ఒకే ఒక్క ప్రశ్న తినేసింది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పరిధి చాలునా, లేక 1998లో వచ్చిన, ఆకుపచ్చ రంగుల వైపు దానికన్నా విశాలమైన అడోబీ ఆర్‌జీబీ కూడా చూపగల ఖరీదైన తెర కావాలా అన్నదే ఆ ప్రశ్న. విశాలమైనదే మేలని మనసు ఉవ్విళ్లూరింది గాని, మా ఆల్బమ్‌లు అచ్చు వేసే ల్యాబ్‌వారు ఎస్ఆర్‌జీబీలో ఉన్న ఫైళ్లను మాత్రమే తీసుకుంటారన్న సంగతి గుర్తుకు వచ్చి, దున్నడానికి వీలులేని పొలానికి శిస్తు కట్టడం ఎందుకని వెనక్కి తగ్గాను. ఈ ఒక్క నిర్ణయం మాత్రం నేను సక్రమంగా చేశానని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కొనడానికి విజయవాడ వెళ్లేటప్పుడు, తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా నాన్నగారు కూడా బయలుదేరారు. దుకాణంలో వరుసగా పెట్టిన మానిటర్లన్నింటిలోను అవే రామచిలుకలు, అవే పండ్లు, కళ్లు చెదిరే వెలుగులో తిరుగుతున్నాయి. అటువంటి వెలుగులో అన్ని తెరలూ అందంగానే ఉంటాయి. పెళ్లిచూపుల్లో అందరూ నెమ్మదస్తులుగా ఉన్నట్లే. అక్కడి కుర్రవాడు ఒక తెరను చూపించి, "ఇది మామూలు మానిటర్ కాదు సార్. మామూలువాటిలో 1 కోటీ 67 లక్షల రంగులే ఉంటాయి. దీనిలో 107 కోట్ల రంగులు ఉన్నాయి" అని ఉత్సాహంగా చెప్పాడు. ఒక్కొక్క రంగుకు ఎనిమిది బిట్లుంటే మొదటి లెక్క, పది బిట్లుంటే రెండో లెక్క వస్తాయి కనుక అతడు పైసా కూడా తప్పలేదు. మా నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, "మీ అమ్మకు నలభై ఏళ్లుగా నేను తెచ్చిన చీరల్లో ఆవిడకు నచ్చిన రంగు ఒక్కటీ లేదు. ఇన్ని కోట్ల రంగులు పెట్టుకుని నువ్వేం బాగుపడతావురా?" అని అడిగారు. కుర్రవాడు నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

చివరకు 27 అంగుళాల, 2560×1440 చుక్కల, ఏ వైపునుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకపు తెరను ఒకదానిని తీసుకున్నాను. రంగులను కొలిచి తెరను సరిదిద్దే చిన్న పరికరం కూడా కొనమని కుర్రవాడు సలహా ఇచ్చాడు గాని, పెట్టెలోనే ఫ్యాక్టరీవారి పరీక్షా పత్రం ఉండగా మళ్లీ పరీక్ష దేనికని ఆ ఖర్చును మిగిల్చి, దారి పొడవునా ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ పత్రంలో డెల్టా ఈ రెండు లోపేనని, అంటే ఉండవలసిన రంగుకూ కనిపించే రంగుకూ ఉన్న తేడా మనిషి కంటికి ఇంచుమించు ఆనదని, గ్రాఫులతో సహా అచ్చయి ఉంది. దానికి అద్దం కట్టించి మానిటరు పక్కనే గోడకు తగిలించాను. రాహుకాలం దాటాక మా అమ్మ కొబ్బరికాయ కొట్టి తెర చట్రం మూలన పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. పెట్టెలోంచి తీసినప్పుడు మూడు వందల నిట్ల పైచిలుకున్న వెలుగును, అచ్చుకు సరిపడేటట్లు నూట ఇరవై ప్రాంతానికి అంచనాతో తగ్గించి, అన్నింటినీ ఎస్ఆర్‌జీబీ అమరికలో పెట్టి, పెళ్లి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. మేనమామను కనుక పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మోయడం నా వంతు కాబట్టి, కెమెరాలను మా కుర్రాళ్లకు అప్పగించాను. నడుము నొప్పి తగ్గిన నాలుగో రోజు రాత్రి ఫొటోలు తెరిచి చూస్తే అన్నీ పచ్చగా ఉన్నాయి. తెల్లని మధుపర్కాలు పాతపుస్తకం కాగితాల్లాగ, పెళ్లికొడుకు కామెర్లు సోకినవాడిలాగ కనిపించారు.

ఏమీ చదవనివాడైతే ఇక్కడ ఆగి, తెరకు ఏమైందోనని చూసి ఉండేవాడు. నేను చదివినవాడిని. నీలి ఛాయ ఎక్కువగా ఉన్న పాత తెరలకు అలవాటు పడిన కళ్లకు, తెలుపు ఛాయను కొలిచే లెక్కలో 6500 కెల్విన్‌ల సరైన తెలుపు మొదట్లో పచ్చగానే తోస్తుందని, కొద్ది రోజులకు కన్ను దానికి సర్దుకుంటుందని నాకు కంఠతా వచ్చు. కనుక తెరను అనుమానించడం అజ్ఞానమని తీర్మానించుకున్నాను. అయినా ఫొటోలు మరీ పచ్చగా ఉన్నాయంటే తప్పు కల్యాణమండపం దీపాలదేనని తేల్చుకుని, 42 షీట్ల ఆల్బమ్‌లోని ప్రతి ఫొటోనూ ఓపికగా నీలం వైపు జరిపాను. అంతటితో ఆగలేదు. మా అమ్మ పెట్టిన బొట్టును కొలబద్దగా తీసుకుని, పెళ్లికూతురి పాదాల పసుపు, చట్రం మీది పసుపు ఒకే రంగులో కలిసిపోయేదాకా సవరించాను. ఇంత శాస్త్రీయంగా ఆల్బమ్ చేసినవాడు జిల్లాలో లేడనుకుంటూ ఫైళ్లను ల్యాబ్‌కు పంపాను.

ఆల్బమ్ వచ్చిన రోజున రెండువైపుల చుట్టాలూ మా అక్కయ్య ఇంట్లోనే ఉన్నారు. మొదటి షీటు తెరవగానే గదిలో మాటలు ఆగిపోయాయి. పెళ్లికొడుకు నీలమేఘశ్యాముడై నిలబడి ఉన్నాడు. పురోహితుడిది కూడా అదే అవతారం. బుట్ట మోస్తున్న నేను అప్పుడే హాలాహలం మింగినవాడిలాగ ఉన్నాను. పసుపు రాసిన పాదాలు విభూతి పూసినట్లు వెలవెలబోతున్నాయి. మా అక్కయ్య రెండు షీట్లు తిప్పి, నెమ్మదిగా, "మధుపర్కాలు నీలిమందులో ఎవరు ముంచారురా తమ్ముడూ?" అని అడిగింది. ఆవిడ ఏరికోరి కొన్న నెమలికంఠం రంగు పట్టుచీరలో, కదిలినప్పుడల్లా తొంగిచూసే ఆకుపచ్చ అంతా పోయి, నెమలి కాస్తా పాలపిట్ట అయి కూర్చుంది. వియ్యపురాలు మాత్రం, "మావాడు కొంచెం రంగు తక్కువని ముందే చెప్పాం కదండీ" అని సంజాయిషీ చెప్పుకోవడం నాకు అన్నింటికన్నా ఎక్కువ సిగ్గు కలిగించింది.

వెంటనే ల్యాబ్‌కు ఫోన్ చేసి కేకలు వేశాను. అక్కడివారు శాంతంగా, ఫైలులో ఎలా ఉన్నదో అలాగే వేశామని చెప్పారు. మా మేనల్లుడు అదే ఫైలును తన ఫోన్‌లో తెరిచి, "దీనిలోనూ నీలంగానే ఉంది మామయ్యా" అన్నాడు. ఫోన్లలో రంగులు నమ్మదగినవి కావని వాడికి పాఠం చెప్పాను. ఆ గదిలో మొత్తం పదకొండు ఫోన్లలో చూశారు, పదకొండింటిలోనూ నీలమే. పదకొండు సాక్ష్యాలకు ఎదురునిలిచి నా తెర ఒక్కటే సత్యహరిశ్చంద్రుడని వాదించి, కావాలంటే వచ్చి చూసుకోమని అందరినీ స్టూడియోకు తీసుకుపోయాను.

తెరమీద ఫొటోలు నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. మధుపర్కాలు తెల్లగా, పసుపు పసుపుగా, అల్లుడు అల్లుడిలాగ ఉన్నాడు. నేను గర్వంగా గోడమీది పత్రాన్ని చూపించి డెల్టా ఈ గురించి వివరించడం మొదలుపెట్టాను. మా అక్కయ్య అంకెల జోలికి పోలేదు. గోడకు ఉన్న ఆ పత్రాన్ని తీసి, తెరమీద ఖాళీగా ఉన్న తెల్లని పేజీ పక్కన ఆనించి పట్టుకుంది. కాగితం మల్లెపువ్వులాగ ఉంది. దాని పక్కన నా తెర తెలుపు, కాచిన నెయ్యిలాగ ఉంది. "ఈ కాగితం తెల్లగానే ఉంది కదరా, మరి నీ తెర ఇంత పచ్చగా ఎందుకుంది?" అని అడిగింది. నెల రోజులుగా ఆ కాగితం మీది అంకెలను రోజూ చదువుతూ వచ్చాను గాని, కాగితాన్ని చూడాలని ఒక్కనాడూ తట్టలేదు.

అప్పుడు వెనక బల్లమీద కూర్చున్న మా నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "పొద్దున్నే పేపరు చదువుకుందామంటే ఆ వెలుగు కళ్లలో గుచ్చుకునేదిరా. కింద కన్ను బొమ్మ వేసి ఒక మీట ఉంటే నొక్కాను. చల్లగా, తాటాకు గ్రంథం చదివినట్లుంది. పెళ్లికి రెండు రోజుల ముందు మాట" అన్నారు. అది కంటికి శ్రమ తగ్గించడానికి నీలికాంతిని కోసివేసే మీట. తెర కోసివేసిన నీలాన్నంతా నేను ఫొటోల్లో పోసి పూడ్చాను. కోత లేని కాగితం మీద ఆ పూడిక ఒక్కటే మిగిలింది. పరీక్షా పత్రం అబద్ధం చెప్పలేదు. అది ఎస్ఆర్‌జీబీ అమరికకు మాత్రమే పూచీ పడింది గాని, మా నాన్నగారికి కాదు.

మీట మళ్లీ నొక్కి, 42 షీట్లూ మొదటినుంచి సవరించి, నా ఖర్చుతో మరొకసారి అచ్చు వేయించాను. ఆ బిల్లు, నేను మిగిల్చానని సంబరపడిన ఆ చిన్న పరికరం ధరను దాటిపోయింది. పాత మానిటరును పేపరు చదువుకోవడానికి నాన్నగారికి ఇచ్చాను. కూర్చుని చదివితే ఒక వార్త, నిలబడి చదివితే మరొక వార్త కనిపిస్తున్నాయని ఆయన ఫిర్యాదు చేస్తున్నారు.

రెండో ఆల్బమ్‌ను మా అక్కయ్య కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి, బీరువాలోంచి పట్టుచీర తెచ్చి పక్కన పరిచి, షీటునూ చీరనూ మార్చి మార్చి చూసి, "ఇదీ నా నెమలికంఠం" అని సంతృప్తిగా తల ఊపింది. ఆ తరువాత పేజీలు తిప్పుతూ, బుట్ట మోస్తున్న ఫొటో దగ్గర చాలాసేపు ఆగి, "నువ్వు మాత్రం ఆ నీలం ఆల్బమ్‌లోనే బాగున్నావురా" అంది.