కాకటీల్‌కి అవకాడోనా? ఆ మెసేజ్ ఇక పంపకండి

"కాకటీల్‌కి ప్రకృతి భోజనం" అన్న మెసేజ్‌ని మిత్రులు మళ్ళీ మళ్ళీ పంపుతున్నారు. కాకటీల్ అంటే ఇళ్ళలో పెంచుకునే చిన్న చిలుక. పంపే ముందు ఒక్కసారి చదవండి, దయచేసి.

గింజలు ఉంటే చాలట. చాలవు. కొర్రలు, సజ్జలు మంచివే కానీ వాటిలో విటమిన్ ఎ లేనట్టే. పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువైతే కాలేయానికి కొవ్వు పడుతుంది. పెరుగన్నం రోజూ పెట్టమన్నది అనవసరం, వదిలేయండి.

"ఈకల మెరుపుకి రోజూ చెంచాడు అవకాడో గుజ్జు" అన్నదే ప్రాణాంతకం. అవకాడోలో పెర్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. మనల్ని ఏమీ చెయ్యదు, పక్షికి మాత్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, గుండె చుట్టూ నీరు చేరుతుంది. పక్షి ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటుంది, నోరు తెరిచి ఆయాసపడుతుంది, చివరికి పంజరం అడుగున పడిపోతుంది. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే. విరుగుడు లేదు. పక్షి బరువు 90 గ్రాములు, చెంచాడు గుజ్జు 5 గ్రాములు. 60 కిలోల మనిషికి ఒక్క పూటలో మూడు కిలోలకు పైగా తినిపించడంతో సమానం! "మా పక్షికి ఏమీ కాలేదు" అంటారు. రకాన్ని బట్టి, కాయను బట్టి పెర్సిన్ మోతాదు మారుతుంది. నిన్న బతికిందని రేపు బతుకుతుందా? ఎన్నిసార్లు చెప్పాలి?

పంజరానికి మనీ ప్లాంట్ చుట్టమన్నదీ తప్పే. దాని ఆకులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, కొరికితే నాలుక, గొంతు వాస్తాయి. గన్నేరు కొమ్మైతే పంజరం దరిదాపుల్లోకే రానివ్వకండి. కొరకడానికి మందులు కొట్టని జామ కొమ్మ, మందార పువ్వు ఇవ్వండి.

పచ్చిమిర్చి పెట్టొచ్చన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకోవాలి. మిరప ఘాటు పక్షులకు తెలియదు. పండుమిర్చిలో అయితే విటమిన్ ఎగా మారే కెరోటిన్ కూడా బాగా ఉంటుంది.

ఇక పెట్టాల్సినవి: మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్, ఉడికించిన గుమ్మడి. రోజుకి ఒకటి రెండు టీ స్పూన్లు చాలు. పాలకూర అప్పుడప్పుడూ కొంచెమే, అది కాల్షియాన్ని ఒంటికి అందనివ్వదు. ఆకుల్ని రెండు మూడు నీళ్ళలో కడగండి. మన ఎండలకి రెండు గంటల్లో మిగిలింది తీసెయ్యండి. కొత్తది మొదట ముట్టకపోతే మానెయ్యకండి, ఆకుకట్టని తడిగానే పంజరం పక్కకి క్లిప్ పెట్టి పదిరోజులు చూడండి.

అవకాడో ఇప్పటికే తినేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి. పక్షిని వెచ్చగా ఉంచి, పక్షుల్ని చూసే పశువైద్యుడి దగ్గరికి వెంటనే తీసుకెళ్ళండి.