శిబిరం మూసేస్తే ఆ ముసలమ్మ ఎక్కడికి పోవాలి?

ఉత్తర ఘనాలో గాంబాగా అని ఒక ఊరు. మంత్రగత్తె అని ముద్ర వేసి తరిమేసిన ఆడవాళ్లు అక్కడి శిబిరంలో తలదాచుకుంటారు. వచ్చినామె పేరు మీద ఒక కోడిని కోస్తారు. అది కొట్టుకుని కొట్టుకుని వెల్లకిలా పడి చస్తే ఆమె నిర్దోషి, బోర్లా పడితే మంత్రగత్తె. నిర్దోషి అని తేలినా చాలామంది ఇంటికి వెళ్లరు. పంపేసినవాళ్లకి కోడి చెప్పినదాని కంటే తమ అనుమానమే గట్టిది మరి.

ఇది వినగానే "చదువు లేక" అనేస్తాం. కానీ ఘనాలో ఫోన్ నుంచి ఫోన్‌కి డబ్బు పంపుకోవడం మన యూపీఐ కంటే ముందే మొదలైంది. 2002 ఆఫ్రికా కప్ సెమీఫైనల్ అప్పుడు మాలీలో కామెరూన్ జట్టు గోల్‌కీపింగ్ కోచ్‌ని పోలీసులు పట్టుకున్నారు, మైదానంలో ఏదో తాయెత్తు వేశాడని అనుమానం. అంటే ఫోన్లూ టీవీలూ వస్తే ఇదంతా దానంతటదే పోతుందనుకోవడం మన భ్రమ.

మధ్య ఆఫ్రికాలోని అజాండే ప్రజల మధ్య 1920లలో గడిపిన ఒక బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు చెప్పిన గాదె సంగతి చాలామంది వినే ఉంటారు. నీడకని గాదె కింద కూర్చున్నవాళ్ల మీద అది కూలింది. గుంజల్ని చెదలు తిన్నాయని వాళ్లకీ తెలుసు. కానీ సరిగ్గా ఆ మనుషులు కూర్చున్నప్పుడే ఎందుకు కూలాలి? చెదలు దానికి జవాబు చెప్పవు, మంత్రం చెబుతుంది. మనవాళ్లు అదే చోట "ఖర్మ" అని ఊరుకుంటారు. ఖర్మ అంటే తప్పు మనదే, మంత్రం అంటే పక్కింటామెది.

ఆ పక్కింటామె ఎవరన్నదే అసలు విషయం. ఎక్కువగా వయసు మళ్లిన విధవరాలు, వెనకేసుకొచ్చే కొడుకు లేనిది, లేదా నోరున్నది. టాంజానియాలోని మెయాటు జిల్లాలో వానలు మరీ తక్కువగానో మరీ ఎక్కువగానో పడిన ఏళ్లలో మంత్రగత్తెల పేరుతో జరిగే హత్యలు రెట్టింపైనట్టు ఒక ఆర్థికవేత్త లెక్క తేల్చారు. నమ్మకం ఏడాదికో రకంగా మారదు కదా, మారేది ఇంట్లో గింజలు. తినడానికి లేనప్పుడే ముసలమ్మ మీద అనుమానం ముదురుతుంది.

2020 జులైలో ఘనాలోని కాఫాబాలో 90 ఏళ్ల ఆమెని పట్టపగలు కొట్టి చంపారు, జనం చూస్తూ నిలబడ్డారు, వీడియో దేశమంతా తిరిగింది. ఆ కోపంలోంచి పుట్టిన బిల్లు, ఎవరినైనా మంత్రగత్తె అనడమే నేరమని చెప్పే బిల్లు, 2023 జులైలో పార్లమెంటులో పాసైంది. తీరా అప్పటి అధ్యక్షుడు అకుఫో-అడో సంతకం పెట్టలేదు. ప్రభుత్వ ఖజానా మీద భారం పడే బిల్లుని మామూలు సభ్యుడు పెట్టకూడదట!

చట్టం కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారని పళ్లు పీకిన వార్తలు చదివినవాళ్లం, ఆ మాత్రం తెలుసు. కానీ "శిబిరాలు దేశానికి సిగ్గు, మూసేయండి" అని రాజధాని అక్రాలో ఎవరైనా అంటే మాత్రం నాకు కంగారుగా ఉంటుంది. శిబిరంలో కరెంటు ఉండదు, నీళ్లు దూరం నుంచి మోసుకోవాలి, కూలికి పోతే తిండి. నిజమే. అయినా అక్కడ ఆమెని కొట్టేవాళ్లు లేరు. నెలనెలా ఆమె చేతికి సొంతంగా నాలుగు డబ్బులు వచ్చే ఏర్పాటు చేసి, ఊళ్లో పెద్దల్ని ఒప్పించి, ఆ తర్వాత మూయండి. అప్పటిదాకా ఆ మట్టి గుడిసె జోలికి పోకండి.